ఖాళీ ఫ్లాటు చేతికొచ్చాక: ఇంటీరియర్ పనిని కొలతల నుంచి తాళాల దాకా నడిపే పద్ధతి

హైదరాబాద్‌లో రెండు బెడ్‌రూముల కొత్త ఫ్లాటుకి ఇంటీరియర్ చేయాలంటే అన్నీ సవ్యంగా సాగితే రెండు నెలలు పడుతుంది. ఓనరు డిజైనరైన మీ దగ్గరికి వచ్చేసరికి గృహప్రవేశం ముహూర్తం పెట్టించుకునే ఉంటారు. కాబట్టి లెక్క వెనక నుంచి మొదలుపెట్టండి. ముహూర్తానికి ముందు మూడు రోజులు శుభ్రం చేయడానికి, దానికి ముందు వారం ఆఖరి పెయింటుకి, అంతకు ముందు ముప్పై రోజులు వుడ్‌వర్కుకి, పన్నెండు రోజులు కరెంటు, ఫాల్స్ సీలింగులకి పోతాయి. మిగిలింది డిజైనుకి. ఆ మిగిలింది పది రోజుల కన్నా తక్కువైతే పని ఒప్పుకునే ముందే ఆ మాట చెప్పేయాలి. లేదా వంటగది, పూజగది, ఒక బెడ్‌రూము ముహూర్తానికి ఇచ్చి మిగతాది తర్వాత చేస్తామని రాసుకోవాలి.

డబ్బు ఎక్కువగా పోయేది డిజైన్ బాగోలేక కాదు, ఒకరి పని మీద ఇంకొకరు వచ్చి పడటం వల్ల. సీలింగ్ అయ్యాక ఏసీ పైపు గుర్తొస్తుంది. గ్రానైట్ కోశాక స్టవ్ మారుతుంది. వార్డ్‌రోబ్ బిగించాక దాని వెనక స్విచ్‌బోర్డు ఉందని తెలుస్తుంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఎవరి పని తర్వాత ఎవరిదన్న వరుస గురించే.

కొలతలు

లేజర్ మీటరు తీసుకెళ్లండి. అయినా 5 మీటర్ల స్టీలు టేపు జేబులో ఉండాలి, ఎందుకంటే మూలల్లో, కిటికీ అంచుల్లో లేజర్ చుక్క సరిగా పడదు. వార్డ్‌రోబ్ వచ్చే ప్రతి గోడ వెడల్పునీ మూడు ఎత్తుల్లో కొలవాలి: నేల దగ్గర, 4 అడుగుల దగ్గర, 7 అడుగుల దగ్గర. కొత్త అపార్ట్‌మెంట్లలో కూడా ఈ మూడింటికీ పది మిల్లీమీటర్ల తేడా రావడం మామూలే. మూడింటిలో చిన్నదే మీ కొలత. దాన్నుంచి కూడా అంగుళం, అంగుళంన్నర తగ్గించి బాక్సు (వార్డ్‌రోబ్ చెక్క పెట్టె) కట్టించి, మిగిలిన సందుని ఫిల్లర్ పట్టీతో మూయాలి. ఫిల్లర్‌ని గోడ వంకకు తగ్గట్టు చెక్కుకోవచ్చు, బాక్సుని చెక్కలేం. పైగా గోడకి ఆనించి బాక్సు కడితే చివరి షట్టరు (తలుపు) హ్యాండిల్ గోడకి తగిలి సగమే తెరుచుకుంటుంది.

మూల సరిగ్గా లంబంగా ఉందో లేదో చూడటానికి పాత పద్ధతే చాలు. ఒక గోడ మీద 3 అడుగులు, రెండో గోడ మీద 4 అడుగులు గుర్తుపెట్టి రెండు గుర్తుల మధ్య కొలిస్తే 5 అడుగులు రావాలి. వంటగదిలో ఇది తప్పకుండా చూడాలి. ఎల్ ఆకారపు గట్టు మూల లంబంగా లేకపోతే గ్రానైట్‌కీ టైల్‌కీ మధ్య ఒకవైపు సందు వస్తుంది.

గదిలో కొలవడం మర్చిపోయేవి కొన్ని ఉంటాయి: బీము ఎంత కిందికి దిగింది, తలుపు తెరిస్తే ఎంతవరకు వస్తుంది, కిటికీ గట్టు ఎత్తు, ఏసీ నీళ్ళ పైపు చోటు, సింకు డ్రెయిన్ గోడ నుంచి ఎంత దూరం, గోడ అడుగున వేసే స్కర్టింగ్ టైలు ఎంత ముందుకొచ్చింది. స్కర్టింగ్ పది మిల్లీమీటర్లు ముందుకు ఉంటే వార్డ్‌రోబ్ వెనక అంత ఖాళీ ఏర్పడుతుంది. బాక్సు వెనక భాగంలో స్కర్టింగ్ తీయించేయడమో, బాక్సుకి అక్కడ గాడి కొట్టడమో ముందే తేల్చాలి.

మీ డ్రాయింగులు మిల్లీమీటర్లలో ఉంటాయి, సైట్‌లో కార్పెంటర్ మాట్లాడేది అంగుళాలూ సూత్‌లూ. అంగుళంలో ఎనిమిదో వంతు ఒక సూత్. 6 ఎంఎం (మిల్లీమీటర్ల) ప్లైవుడ్ అంటే రెండు సూత్‌లు, 12 అంటే నాలుగు, 19 అంటే ఆరు. హైదరాబాద్ సైట్లలో చాలామంది కార్పెంటర్లు రాజస్థాన్, బీహార్, యూపీల నుంచి వచ్చినవాళ్ళు, కాబట్టి మాటంతా హిందీలోనే నడుస్తుంది. డ్రాయింగు మీద రెండు కొలతలూ రాసి, ఆ కాగితాన్ని ఆ గది గోడకే అంటించండి. వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్‌ని రంపం పట్టుకున్న మనిషి తెరిచి చూడడు.

నేల మీద గీయండి

త్రీడీ బొమ్మ ఓనరుకి నచ్చితే పని అయిపోయినట్టు కాదు. గది ఎంత ఇరుకో బొమ్మలో తెలియదు. సుద్దతోనో మాస్కింగ్ టేపుతోనో నేల మీద వార్డ్‌రోబ్, మంచం, బల్ల అసలు సైజులో గీసి ఓనరుని అందులో నిలబెట్టండి. క్వీన్ మంచానికి 60 అంగుళాలు, కింగ్‌కి 72, పొడవు రెండింటికీ 78. మంచానికీ వార్డ్‌రోబ్‌కీ మధ్య కనీసం 30 అంగుళాలు ఉండాలి, ఎందుకంటే 18 అంగుళాల షట్టరు తెరిచాక మనిషి నిలబడాలి కదా. అంత చోటు లేకపోతే స్లైడింగ్ పెట్టాలి. స్లైడింగ్ అయితే లోతు 24 కాదు, 26 అంగుళాలు కావాలి. తలుపుల పట్టాలే రెండు మూడు అంగుళాలు తినేస్తాయి, లోపల హ్యాంగరుకి 22 అయినా మిగలాలి.

ఆ గీతల మధ్య నిలబడ్డప్పుడే అసలు ప్రశ్నలు అడగాలి. రంగుల గురించి తర్వాత. పట్టుచీరలు వేలాడదీస్తారా, మడతపెడతారా? అమ్మగారింటి స్టీలు బీరువా వస్తోందా? వస్తే అది నైరుతి మూలలోనే ఉండాలంటారు, మీ వార్డ్‌రోబ్ చోటు అక్కడే ఉంటుంది. పాతికకిలోల బియ్యం బస్తా ఎక్కడ పెడతారు? వెట్ గ్రైండర్ రోజూ వాడతారా, పండగలకేనా? ఇత్తడి బిందెలు అటక మీదకా? పెద్దవాళ్ళు కింద కూర్చుని పూజ చేస్తారా, నిలబడా? కూర్చునే పూజకి మందిరం గట్టు అడుగు ఎత్తుంటే చాలు, నిలబడే పూజకి 30 అంగుళాలైనా కావాలి. దీపం పెట్టే చోట పైన అర ఉంటే లామినేట్ (ప్లైవుడ్ మీద అంటించే పలుచని షీటు) నల్లబడి ఉబ్బుతుంది. దీపం మీద కనీసం రెండడుగులు ఖాళీ వదిలి, కింద గ్రానైట్ పలక వేయించండి.

వాస్తు సంగతి మొదటి మీటింగులోనే అడిగేయండి. మీరు నమ్మినా నమ్మకపోయినా, స్టవ్ తూర్పు ముఖంగా ఉండాలన్న మాట గ్రానైట్ కోసిన రోజు పెద్దాయన నోటి నుంచి వస్తే నష్టం మీదే.

ఎస్టిమేటు, ప్లైవుడ్ లెక్క

వార్డ్‌రోబ్‌లకి రేటు ముందు కనిపించే వైశాల్యం మీద కడతారు: 6 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తుంటే 42 చదరపు అడుగులు. పైనుండే లాఫ్ట్ (అటక) వేరే లెక్క. సొరుగులు, హ్యాండిల్స్, లోపలి లామినేట్, అద్దం ఆ రేటులో ఉన్నాయో లేదో, జీఎస్టీ 18 శాతం కలిపారో లేదో ఒక్కో వాక్యంలో రాసివ్వాలి. గొడవలన్నీ ఆ రాయని వాక్యాల దగ్గరే.

ఇప్పుడు అదే వార్డ్‌రోబ్‌కి సరుకు ఎంత పడుతుందో చూద్దాం. వైశాల్యం ప్రకారం వేస్తే రెండు పక్కలు, ఒక నడిమి పలక కలిపి 42, పైదీ కిందదీ 24, మూడడుగుల అరలు నాలుగు 24, షట్టర్లు 42. మొత్తం 132 చదరపు అడుగులు. షీటు 8 బై 4, అంటే 32. లెక్కలో నాలుగు షీట్లకి కాస్త పైన తేలుతుంది. కానీ నాలుగు షీట్లు తెప్పిస్తే పని మధ్యలో ఆగుతుంది, ఎందుకంటే కోత వైశాల్యం ప్రకారం జరగదు. షీటుని పొడవునా రెండడుగుల పట్టీలుగా చీలిస్తే రెండు పట్టీలొస్తాయి. మూడు నిలువు పలకలకి మూడు పట్టీలు, పైకీ కిందకీ రెండు, అరలకి రెండు, మొత్తం ఏడు. అంటే మూడున్నర షీట్లు. 18 అంగుళాల షట్టర్లు ఒక షీటులో రెండే వస్తాయి, పక్కన అడుగు ముక్క మిగులుతుంది. నాలుగు షట్టర్లకి రెండు షీట్లు. వెరసి ఐదున్నర, కొనేది ఆరు. మిగిలిన అరషీటూ ముక్కలూ సొరుగుల ముఖాలకీ వార్డ్‌రోబ్ కింది పీఠానికీ (ప్లింత్) సరిపోతాయి. వెనక పలకకి 6 ఎంఎం రెండు షీట్లు, సొరుగు పెట్టెలకి 12 ఎంఎం ఒకటి వేరే. రంపం ఒక్కో కోతకి 3 ఎంఎం తింటుంది కాబట్టి రెండడుగుల పట్టీల్లో ఒకటి నిజానికి 23 అంగుళాల ఏడు సూత్‌లే. డ్రాయింగులో పలక లోతు 24 అని రాయకండి.

ప్రతి ఐటమ్‌కీ ఇలా కోత పటం గీసుకుని, అప్పుడు మొత్తం కలపాలి. విడిగా గీసినప్పుడు పారేసే ముక్క ఇంకోదానికి పనికొస్తుంది.

ప్లైవుడ్‌లో ఐఎస్ (భారత ప్రమాణం) 710 అంటే మెరైన్ గ్రేడు, మరిగే నీటిని 72 గంటలు తట్టుకోవాలన్నది దాని పరీక్ష. సింకు కింద, బాత్రూములో వాష్‌బేసిన్ కింది వానిటీ, నేలకి తగిలే ప్లింత్ దానితోనే చేయాలి. బెడ్‌రూము వార్డ్‌రోబ్‌కి మామూలు రకం ఐఎస్ 303 సరిపోతుంది. అంతా మెరైనే కావాలని ఓనరు పట్టుబడితే ఎంత తేడా వస్తుందో చెప్పి వదిలేయండి, అది వాళ్ళ డబ్బు. షీటు మీద ముద్రని నమ్మేముందు అంచు చూడండి: పొరల మధ్య సందులు, ఒక పొర మీద ఇంకోటి ఎక్కిన మడతలు ఉంటే తిప్పి పంపండి. అనుమానముంటే చిన్న ముక్క కోసి ప్రెషర్ కుక్కర్లో ఉడికించండి, నాసిరకం జిగురు అక్కడే విడిపోతుంది. ముద్ర ఉన్న ముక్కని ఫొటో తీసి ఓనరుకి పంపితే తర్వాత ఎవరూ అడగరు.

8 అడుగుల షీటు చాలా లిఫ్టుల్లో పట్టదు. మెట్ల మీద మోయించాలంటే హమాలీ అంతస్తుకీ షీటుకీ లెక్కగట్టి అడుగుతాడు. తొమ్మిదో అంతస్తుకి నలభై షీట్లంటే చిన్న ఖర్చు కాదు, ఎస్టిమేటులో దానికో లైను పెట్టండి. పైకొచ్చాక గోడకి ఆనించి నిలబెట్టకూడదు, వారంలో వంగిపోతాయి. నేల మీద చెక్క రీపులు వేసి పడుకోబెట్టాలి.

కరెంటు, సీలింగ్

వార్డ్‌రోబ్, మంచం, టీవీ గీతలు నేల మీద ఉండగానే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. గోడలు కొట్టేది ఒక్కసారే కావాలి. తలుపు పక్క బోర్డు 4 అడుగుల ఎత్తులో, మంచం పక్కది మంచం బల్ల పైకి వచ్చేలా 26 నుంచి 28 అంగుళాల్లో, వంటగట్టు పైది నేల నుంచి 44 అంగుళాల్లో. 16 ఆంపియర్ల సాకెట్లకి 2.5 స్క్వేర్ ఎంఎం వైరు, ఏసీలకి 4. ఓనరు ఇండక్షన్ హాబ్ (గట్టులో అమర్చే స్టవ్) పెడతానంటే దాని వాటేజీ కనుక్కుని, విడిగా లైనూ ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్చు) వేయించాలి. టీవీ వెనక నుంచి కింద యూనిట్ దాకా రెండంగుళాల పైపు ఒకటి గోడలో పూడ్పించండి, వైర్లు బయట వేలాడవు. స్విచ్చులూ లైట్లూ ట్రూప్ బజార్‌లో ఒకేసారి కొంటే ధర కలిసొస్తుంది, కానీ ప్లేట్ల లెక్క గది గదికీ రాసుకుని వెళ్ళాలి.

జిప్సం సీలింగ్‌కి 12.5 ఎంఎం బోర్డు వాడతారు. పగుళ్ళకి బోర్డు కారణం కాదు, పైన కనిపించని ఇనుమే. బోర్డుని బిగించే సీలింగ్ సెక్షన్లు 18 అంగుళాల దూరంలో, వాటిని మోసే ఇంటర్మీడియట్ ఛానెళ్ళు 4 అడుగుల దూరంలో ఉండాలి. లేబరు సెక్షన్లని రెండడుగులకి సాగదీస్తాడు, పైన బోర్డు పడ్డాక మీకు కనపడదు. అందుకే బోర్డు ఎక్కించే రోజుకు ముందు రోజు వెళ్ళి టేపుతో కొలిచి ఫొటోలు తీయాలి. బోర్డుల చివరి జాయింట్లన్నీ ఒకే గీతలో పడినా ఆ గీత వెంట పగులుతుంది. ఇటుకల్లా మార్చి మార్చి వేయించండి. జాయింట్ మీద పేపర్ టేపు, జాయింటింగ్ కాంపౌండ్ తప్పనిసరి. పుట్టీతో పూడ్చి పోయేవాళ్ళూ ఉన్నారు.

ఫ్యాను సీలింగ్‌ని పట్టుకుని వేలాడకూడదు, స్లాబు హుక్కుకే వేలాడాలి. సీలింగ్ ఆరంగుళాలు దిగితే ఫ్యాను రాడ్డు కూడా అంత పొడవు మార్చాలి. స్ట్రిప్ లైట్లకి కరెంటు మార్చి ఇచ్చే డ్రైవర్లని సీలింగ్‌లో పడేసి మూసేయకండి. ఎల్ఈడీ కన్నా ముందు పోయేది డ్రైవరే. వార్డ్‌రోబ్ లాఫ్ట్‌లోనో, చేయి పట్టే మూతలోనో పెట్టించండి. మీటరుకి 14 వాట్ల స్ట్రిప్ పది మీటర్లుంటే 140 వాట్లు, దానికి 180 వాట్ల డ్రైవరైనా ఉండాలి. నిండా లాగించే డ్రైవరు వేడెక్కి తొందరగా పోతుంది.

స్లాబు దాకా వెళ్ళే వార్డ్‌రోబ్ ఉన్నచోట సీలింగ్ దాని ముందు గీత దగ్గరే ఆగాలి. ఆ గీత గోడ మీద ముందే గీయకపోతే సీలింగ్ వాడు గదంతా కప్పేసి వెళ్ళిపోతాడు.

వుడ్‌వర్క్

లామినేట్ బయటివైపు 1 ఎంఎం, లోపలివైపు 0.8. ఒకవైపు మాత్రమే అంటించిన షట్టరు కచ్చితంగా వంగుతుంది. జిగురు ఆరేటప్పుడు ఆ వైపు లాగుతుంది, రెండోవైపు దాన్ని ఆపేదేమీ ఉండదు. రెండు వైపులా అదే రోజు అంటించి, షట్టర్లన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన బరువు పెట్టి ఒక రోజు వదలాలి. వానాకాలమైతే రెండు రోజులు. బుడగలొచ్చాయంటే ప్లై మీద దుమ్ము తుడవలేదన్నమాట, లేదా బరువు తొందరగా తీశారన్నమాట. నిలువు గీతల డిజైన్ ఉంటే నాలుగు షట్టర్ల మీదా గీత ఒకే దిక్కున వచ్చేలా లామినేట్ వెనక బాణం గుర్తు వేయించండి.

7 అడుగులు దాటిన షట్టరు మెరైన్ ప్లై అయినా వంగుతుంది. అంతకు మించి కావాలంటే లోపల వంగకుండా పట్టి ఉంచే అల్యూమినియం స్ట్రెయిట్నర్ వేయాలి, లేదా లాఫ్ట్‌ని విడగొట్టాలి. హింజులు (తలుపు బందులు) 3 అడుగుల షట్టరుకి రెండు, 5 అడుగులకి మూడు, 7 అడుగులకి నాలుగు. హింజు కొనేటప్పుడు వంపు చూడాలి: చివరి పలకని పూర్తిగా కప్పే షట్టరుకి నిటారుది, నడిమి పలకని పంచుకునే రెండు షట్టర్లకి సగం వంపుది, పలకల లోపల కూర్చునే దానికి పూర్తి వంపుది. అన్నీ ఒకటే రకం తెస్తే నడిమి షట్టర్లు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. సొరుగుకి టెలిస్కోపిక్ ఛానెల్ ఒక్కోవైపు అర అంగుళం తీసుకుంటుంది, కాబట్టి సొరుగు పెట్టె వెడల్పు లోపలి ఖాళీ కన్నా అంగుళం తక్కువ. ఒక సూత్ ఎక్కువైతే బిగుసుకుంటుంది, రెండు సూత్‌లు తక్కువైతే ఛానెల్ బయటికి జారుతుంది.

వంటగదిలో గట్టు ఎత్తు 32 నుంచి 34 అంగుళాలు, రోజూ వండేవాళ్ళ మోచేతి కన్నా నాలుగంగుళాలు కిందికి రావాలి. వాళ్ళని నిలబెట్టి కొలవండి, పుస్తకం చూసి కాదు. లోతు 24. గట్టుకీ పై క్యాబినెట్‌కీ మధ్య 24, పై క్యాబినెట్ లోతు 12. మూలలో రెండు వైపులా రెండేసి అంగుళాల ఫిల్లర్ లేకపోతే ఒక సొరుగు తెరిస్తే పక్క సొరుగు హ్యాండిల్‌కి తగులుతుంది. గ్యాస్ సిలిండర్ గట్టు కింద పెడితే ఆ షట్టరుకి కింది భాగంలో గాలి రంధ్రాలు తప్పనిసరి. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, లీకైతే కిందనే పేరుకుంటుంది. చిమ్నీ పైపుకి ఆరంగుళాల రంధ్రం కావాలి. అది ఇటుక గోడలోనే కొట్టాలి, బీముకీ కాలమ్‌కీ కోర్ కటింగ్ మిషన్ ఆనకూడదు. దారిలో బీముంటే కిందినుంచి వంపు తిప్పి కిటికీ వైపుకి తీయాలి.

చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ కానీ మరొకటి కానీ, గ్రానైట్ వాడికి హాబ్ కటౌట్ కొలత కాగితం మీద ఇవ్వడం చాలదు. హాబ్, సింకు సైట్‌కి వచ్చాకే కోయించండి. ఆన్‌లైన్‌లో ఉన్న కొలతా పెట్టెలో వచ్చిన కాగితం మీది కొలతా వేరే ఉండటం చూస్తూనే ఉంటాం.

రోజు ఎలా నడుస్తుంది

అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు డ్రిల్లింగుకి పగటిపూట కొన్ని గంటలే ఇస్తాయి, ఆదివారం చాలాచోట్ల ఒప్పుకోవు. అందుకని మోత పనులు పొద్దున, అంటించడాలు, సాండింగ్ (గరుకు కాగితంతో రుద్దడం) సాయంత్రం పెట్టుకోవాలి. ఎనిమిదింటికల్లా కార్పెంటర్, ఎలక్ట్రీషియన్, పెయింటర్ ముగ్గురికీ ఫోన్ చేసి ఎవరు ఏ గదిలో ఉంటారో చెప్పండి. ఒక గదిలో సాండింగ్, పక్క గదిలో పెయింటు అదే రోజు వద్దు, దుమ్మంతా తడి గోడకి అతుక్కుంటుంది. మధ్యాహ్నం రాణిగంజ్‌లో హార్డ్‌వేర్, సాయంత్రం ఆరు తర్వాత ఓనర్ల మీటింగులు, ఎందుకంటే వాళ్ళ ఆఫీసులు అప్పుడే అయిపోతాయి. ఓనరు చెప్పిన ప్రతి మార్పూ అదే రాత్రి మెసేజీగా రాసి, అదనపు ఖర్చెంతో చేర్చి పంపి, సరే అన్న జవాబు వచ్చాకే సైట్‌కి చెప్పాలి.

క్యాలెండర్లో మన పండగలే కాదు, హోలీ, బీహార్ వైపు వాళ్ళ ఛఠ్ పండగ కూడా గుర్తుపెట్టుకోండి. దీపావళికి ఊరెళ్ళిన కార్పెంటర్ ఛఠ్ చేసుకుని గానీ తిరిగిరాడు. ఆ మూడు వారాల్లో వుడ్‌వర్కు గడువు పెట్టడం అంటే మాట తప్పుతానని ముందే చెప్పినట్టు. అడ్వాన్సులు పని కన్నా ముందుకి పోనివ్వకండి. కార్పెంటర్‌కి శనివారం శనివారం, అయిన చదరపు అడుగుల లెక్కన ఇవ్వండి.

చివరి వారం

పెయింటర్ రెండు కోట్ల పుట్టీ, ప్రైమర్, మొదటి కోటు రంగు వుడ్‌వర్కుకు ముందే కొట్టాలి. ఆఖరి కోటు మాత్రం హ్యాండిల్స్ బిగించాక. గోడలో తేమ ఉంటే పుట్టీ పెట్టొద్దు. బాత్రూము వెనక గోడని పొడి వాతావరణంలో ఒక వారం చూసి, మరక పెరుగుతుంటే ముందు ప్లంబర్‌ని పిలవాలి.

అప్పగించే ముందు నీలం మాస్కింగ్ టేపు ముక్కలు పట్టుకుని గది గదికీ తిరగండి, తేడా ఉన్నచోటల్లా అంటించండి. షట్టర్ల మధ్య సందు పైనా కిందా 3 ఎంఎం ఒకేలా ఉండాలి. హింజు మీద స్క్రూలు తిప్పి పక్కకీ, ముందుకీ, పైకీ సర్దవచ్చు. ప్రతి సాకెట్‌లో టెస్టరు పెట్టండి. సింకు నిండా నీళ్ళు పట్టి ఒక్కసారి వదిలి, కింద పొడి కాగితం పరిచి చూడండి, మెల్లగా కారే లీకు అప్పుడే దొరుకుతుంది. ఓనరుకి ఒక కవరు ఇవ్వాలి: లామినేట్ నంబర్లు, పెయింటు షేడ్ కోడ్లు, హార్డ్‌వేర్ బిల్లులు, డ్రైవర్లు ఎక్కడున్నాయో ఫొటోలు, గోడల్లో వైర్లు, పైపులు పోయిన దారుల ఫొటోలు. వాడిన ప్రతి లామినేట్‌లోంచి రెండడుగుల ముక్క లాఫ్ట్‌లో పెట్టి ఉంచండి. రెండేళ్ళ తర్వాత ఆ డిజైన్ షాపులో ఉండదు.

చివరి పది శాతం డబ్బుని రెండుగా విడగొట్టి ఒప్పందంలోనే రాయండి. సగం తాళాలిచ్చే రోజు, సగం నెల తర్వాత షట్టర్లు, సొరుగులు మళ్ళీ ఒకసారి సర్దాక. మొదటి నెలలో ఏసీ చలికి, వంటగది ఆవిరికి చెక్క కాస్త కదులుతుంది, ఆ రెండోసారి సర్దడానికి కార్పెంటర్‌కి ఒక పూట చాలు. అతని ఆఖరి వెయ్యి రూపాయలు కూడా ఆ రోజు దాకా మీ దగ్గరే ఉంచితే ఫోన్ ఎత్తుతాడు.